కల్పిత దేవతల నామకరణము

కథకుడు మనుష్యులకు పేర్లు పెట్టునప్పుడు లోకము అతనికి తోడుగా నిలుస్తుంది. పాత్ర యొక్క ఊరు, వృత్తి, వయస్సు, కాలము తెలిసినచో పేరు సగము దొరికినట్లే. కాని కథలో ఒక దేవతకో, యక్షునికో, భూతమునకో క్రొత్తగా పేరు పెట్టవలసి వచ్చినప్పుడు ఆ తోడు ఉండదు. ఆ పాత్రను ఎవరూ చూడలేదు. దాని తల్లిదండ్రులను ఎవరూ ఎరుగరు. చదువరి ముందుగా ఎదుర్కొనేది ఆ పేరునే. పేరును నమ్మినచో దేవతను నమ్ముతాడు. నమ్మనిచో వంద పుటల వర్ణన కూడా ఆ దేవతను నిలబెట్టలేదు.

ఈ సమస్య నా ముందుకు సూరతు నగరములో వచ్చినది. వరంగల్లు, నల్లగొండ, కరీంనగరు ప్రాంతముల నుండి బ్రతుకుతెరువు వెదకుకొంటూ వచ్చిన పద్మశాలి కుటుంబములు ఆ నగరములో వేలకొలదిగా ఉన్నవి. లింబాయతు మొదలైన పేటలలో మరమగ్గముల చప్పుడు మధ్య తెలుగు మాట వినవచ్చును. మరమగ్గమును వారు 'సాంచె' అంటారు. సూరతు నగరపాలక సంస్థ వారి పిల్లల కొరకు తెలుగు మాధ్యమములో కూడా ప్రాథమిక పాఠశాలలు నెలకొల్పినది. అటువంటి ఒక ఇంటిలో పుట్టిన యువకుడు తాను తెలుగులో వ్రాసిన అద్భుత నవలను వ్రాతప్రతిగా నాకు తెచ్చి ఇచ్చినాడు. కథ బాగున్నది. అందులో ఇద్దరు దివ్యశక్తులు ఉన్నారు. ఒకరు కథానాయకుని కాపాడే దేవత. ఆమెకు అతడు నోరు తిరుగని నాలుగు అక్షరముల పేరు పెట్టినాడు. ఆ పేరుకు ఏ భాషలోనూ అర్థము లేదు. రెండవది మాంత్రికునికి ఊడిగము చేసే భూతము. దానికి అతడు సూరతుకు ఆగ్నేయమున ఉన్న డాంగు అడవులలో నివసించే ఒక జాతి పేరును పెట్టినాడు. వినుటకు భయముగా ఉంటుందని అతని సమాధానము.

అతడు నా అభిప్రాయము అడిగినది మొదటి పేరును గూర్చి. దానికి నాకంటె ముందు అతని తాత అభిప్రాయము చెప్పి ఉన్నాడట. నలుబది ఏండ్లు సాంచె నడిపిన ఆ వృద్ధుడు మనుమడు చదివి వినిపించిన కథను ఓపికగా విని, ఒకే ఒక ప్రశ్న వేసినాడు: "బిడ్డా, ఈమె ఏం పని జేస్తది?"

ఆ ప్రశ్న అడిగినవాడు అలంకారశాస్త్రము చదివినవాడు కాడు. కాని దేవతానామములను గూర్చి ఈ దేశములో జరిగిన అతి ప్రాచీనమైన చర్చ సరిగా ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది. వేదశబ్దములకు వ్యుత్పత్తి చెప్పిన యాస్కుడు నిరుక్తములో దేవతలు ఎందరు అని విచారించినాడు. భూమి మీద అగ్ని, అంతరిక్షమున వాయువు లేక ఇంద్రుడు, ద్యులోకమున సూర్యుడు, ఇట్లు ముగ్గురే దేవతలన్న నైరుక్తుల మతమును అక్కడ చెప్పినాడు. మరి ఇన్ని పేర్లు ఎట్లు వచ్చినవి? వారి మహిమ వలనను, వారు చేయు పనులు వేరువేరగుట వలనను ఒక్కొక్కరికి అనేక నామములు కలిగినవి. ఒకే మనిషి యజ్ఞములో చేసే పనిని బట్టి హోత, అధ్వర్యువు, బ్రహ్మ అని వేరువేరు పేర్లతో పిలువబడినట్లే ఇదియును. అనగా దేవతానామమునకు రెండు పునాదులు: ఉండే చోటు, చేసే పని. తాత అడిగినది రెండవ దానిని గూర్చియే.

ఆ వృద్ధునికి ఈ దృష్టి ఎక్కడనుండి వచ్చినదో వెదకుటకు దూరము పోనక్కరలేదు. అతని కులదైవము పేరు భావనారుషి. పద్మశాలీల పురాణము ప్రకారము దేవతలకు కట్టుకొనుటకు వస్త్రము లేని కాలమున మార్కండేయుడు యజ్ఞము చేయగా అగ్నిలోనుండి భావనారుషి వెలువడినాడు. విష్ణువు నాభికమలము నుండి వచ్చిన తామరనూలుతో వస్త్రము నేసి దేవతలకు ఇచ్చినాడు. భద్రావతీదేవి అతని భార్య. పెద్దపులి అతని వాహనము. తెలంగాణములో ఈ కథను కూనపులి వారు నకాషీ చిత్రకారులు వ్రాసిన పొడవైన పటమును విప్పుతూ, ఒక్కొక్క బొమ్మను చూపుతూ పద్మశాలీల ఇండ్ల ముందు గానము చేసేవారు. చేర్యాల ఈ పటములకు పేరు పొందిన ఊరు.

'భావన' అను శబ్దమును ఒకసారి తరచి చూడవలెను. లోకములో దానికి ఊహ, తలపు అని అర్థము. మీమాంసకులు ఆ మాటను లేనిదానిని ఉన్నదిగా చేయు వ్యాపారమునకు వాడినారు. వైద్యులు చూర్ణమును రసములో నానబెట్టి నూరుటను భావన అంటారు. ఊహించుట, ఉనికిలోకి తెచ్చుట, పదార్థమును పదును పెట్టుట: ఈ మూడును నేతగానికి నిత్యకృత్యములే. వస్త్రము మగ్గము ఎక్కకముందే అతని తలపులో ఉంటుంది. నూలు గంజిలో నానుతుంది. పడుగులో పేక కలిసిన తరువాత ఇంతకుముందు లేని వస్తువు లోకములోకి వస్తుంది. తమ మూలపురుషుని ఇటువంటి పేరుతో పిలిచే జాతి, దేవత పేరు వినగానే ఆమె చేసే పని ఏమిటని అడుగుట సహజము. ఆ యువకుడు పరభాషల నవలలలో వెదకిన రహస్యము అతని ఇంటి దేవుని పేరులోనే ఉన్నది.

మొదటి పేరు సంగతి ఇట్లు తేలినది. నన్ను ఎక్కువగా కలత పెట్టినది రెండవ పేరు. సూరతు ఉన్న గుర్జరదేశపు చరిత్రలోనే అటువంటి నామకరణమునకు ఒక దృష్టాంతము ఉన్నది. అందుచేత దానిని కొంచెము వివరముగా చెప్పవలసి ఉన్నది.

అణహిల్లపట్టణమును 12వ శతాబ్ది పూర్వార్ధమున ఏలిన చౌళుక్య చక్రవర్తి సిద్ధరాజ జయసింహునికి 'బర్బరకజిష్ణు' అను బిరుదము ఉన్నది. బర్బరకుని జయించినవాడు అని దాని అర్థము. ఆ రాజుల ఆశ్రయములో ఉండిన హేమచంద్రుడు తన ద్వ్యాశ్రయ కావ్యములో ఈ బర్బరకుని మునులను బాధించు రాక్షసులకు నాయకునిగా వర్ణించినాడు. చరిత్రకారులు అతనిని ఆర్యేతరమైన ఒక జాతికి నాయకునిగా తలచినారు. కావ్యములో అతడు రాక్షసుడైనాడు. జనుల నోట అతడు 'బాబరో భూత్' అయినాడు. రాజునకు లోబడి, అతడు చెప్పిన పనులన్నిటిని రాత్రికి రాత్రి చేసిపెట్టే భూతముగా మారినాడు. అంతటితో ఆగలేదు. సిద్ధరాజు గతించిన నూటయేబది ఏండ్లకు పైబడి, వాఘేలా వంశపు కడపటి రాజైన కర్ణుని కాలమున, హరపాల మక్వాణా అను వీరుడు ఆ బాబరో భూతమునే అణచినట్లు ఝాలా రాజపుత్రులు తమ వంశగాథలో చెప్పుకొన్నారు. అలెగ్జాండరు ఫోర్బ్సు 1856లో ప్రకటించిన 'రాసమాల'లో ఇటువంటి గాథలు చేరినవి.

ఓడిన మనిషి మొదట రాక్షసుడు, పిమ్మట భూతము అయినాడు. అతనిది ఏ ఊరో, అతని జనులు ఏ దేవతను కొలిచినారో, ఏ భాష మాట్లాడినారో కథలో మిగులలేదు. పేరు మాత్రము మిగిలినది. అదియు గెలిచినవాని బిరుదములో భాగముగా. 'బర్బర' శబ్దమే మాట సరిగా రానివాడు, పరాయివాడు అను అర్థమున వాడబడినది. గ్రీకు భాషలోను ఇదే ధ్వనిగల మాట ఇదే అర్థమున ఉన్నది. ఇతరుల భాష మన చెవికి గొణుగుడుగా వినిపించినంత మాత్రమున వారిని మనుష్యుల లెక్కలోనుండి తీసివేయుట లోకమంతట జరిగిన తప్పు. వినుటకు భయముగా ఉంటుందని డాంగు అడవుల జాతి పేరును భూతమునకు పెట్టిన మా యువకుడు ఈ చరిత్రను ఎరుగడు. ఎరుగకపోయినను అతడు చేసిన పని అదియే.

విచిత్రమేమనగా, భూతములను బహిరంగముగా ప్రశ్నించిన నగరము కూడా సూరతే. 1844లో దుర్గారామ్ మెహతాజీ, దాదోబా పాండురంగ మొదలగువారు అక్కడ మానవధర్మసభను స్థాపించినారు. మంత్రములతో భూతములను పట్టుదుమని చెప్పుకొనేవారిని పదిమంది ఎదుట తమ శక్తిని నిరూపించుడని ఆ సభవారు సవాలు చేసినారు. అయిదేండ్ల తరువాత, 1849లో, దలపత్‌రామ్ కవి 'భూత నిబంధము' వ్రాసి భూతవిశ్వాసములను విమర్శించినాడు. మరి పదునేడేండ్లకు, 1866లో, సూరతువాసియైన నందశంకర్ మెహతా వాఘేలా కర్ణుని కథనే తీసికొని 'కరణ ఘేలో' అను నవల వ్రాసినాడు. గుజరాతీలో అది మొదటి నవల. భూతవైద్యునికి సవాలు విసరిన ఊరిలోనే ఇరువది రెండేండ్లలో నవల పుట్టుట కాకతాళీయముగా నాకు తోచదు. భూతము మీద భయము సడలిన చోట కథకునికి స్వేచ్ఛ కలుగుతుంది. మంత్రగాని చేతిలోని పేరు రచయిత చేతికి వస్తుంది. అయితే స్వేచ్ఛతోపాటు బాధ్యతయు వస్తుంది. మంత్రగాడు తాను పేరు పెట్టలేదని, ఆ భూతమే తన పేరు చెప్పినదని తప్పించుకొనవచ్చును. రచయితకు ఆ సాకు లేదు. పేరు పెట్టినది అతడే.

ఈ స్వేచ్ఛను, బాధ్యతను కూడ నిర్వహించిన మహాకవి మన భాషలో ఒకడు ఉన్నాడు. నంద్యాల కృష్ణరాజునకు అంకితమిచ్చి 16వ శతాబ్దిలో పింగళి సూరన రచించిన 'కళాపూర్ణోదయము' పురాణములలో లేని కథ. కట్టమంచి రామలింగారెడ్డి 'కవిత్వతత్త్వవిచారము'లో ఆ కావ్యము మీద సాగించిన విమర్శతో తెలుగున ఆధునిక విమర్శకు దారి పడినది. కథాకల్పనను గూర్చి విమర్శకులు చాల వ్రాసినారు. పేర్లను గూర్చి వేరుగా చెప్పవలసినది కొంత ఉన్నది.

సూరన రంభను, నలకూబరుని, నారదుని పురాణముల నుండి తెచ్చుకొన్నాడు. వారి ప్రక్కన తాను కల్పించిన మణికంధరుడను గంధర్వుని, మణిస్తంభుడను సిద్ధుని, సుముఖాసత్తిని, అభినవకౌముదిని, మదాశయుని, రూపానుభూతిని, మధురలాలసను నిలిపినాడు. తెలిసిన పేర్లు పడుగు. క్రొత్త పేర్లు పేక. రంభను నమ్మిన చదువరి ఆమె ప్రక్కన నిలిచిన మణికంధరుని కూడ నమ్ముతాడు. ఇది మొదటి ఉపాయము.

రెండవది అంతకంటె లోతైనది. కావ్యమధ్యమున బ్రహ్మ సరస్వతికి ఒక కథ చెప్తాడు. వినగా వినగా ఆమెకు అనుమానము కలుగుతుంది. ఆ కథలోని పేర్లు తమ ఇద్దరి ప్రణయక్షణములకు పెట్టిన మారుపేర్లు. సుముఖాసత్తి అనగా అందమైన ముఖము దగ్గరగుట. అభినవకౌముది క్రొత్త వెన్నెల. మణిస్తంభము సరేసరి. రూపానుభూతి రూపమును అనుభవించుట. మదాశయుడు అనగా 'నా మనస్సు'. మాట్లాడుచున్నది బ్రహ్మ గనుక అది సృష్టికర్త మనస్సు. కళాపూర్ణుడు అన్న పేరులో గొంతులో నిండిన అవ్యక్తమధురధ్వని ఉన్నది. ఏకాంతములోని క్షణములకు పెట్టిన పేర్లు మనుష్యులై, రాజులై, భార్యాభర్తలై లోకములో నడుస్తారు. బ్రహ్మ పలికిన కథ కాబట్టి అది జరిగి తీరుతుంది.

ఏకాంతములో దేవుడు చెప్పిన కథ లోకములోకి వచ్చుట సూరనకు ముందే ఉన్న సంప్రదాయము. శివుడు పార్వతికి చెప్పిన కథను పుష్పదంతుడు చాటున విని శాపము పొందుట, అతని కొరకు వేడిన మాల్యవంతుడు కూడ శాపగ్రస్తుడై గుణాఢ్యునిగా పుట్టుట, పిశాచమైన కాణభూతి నోట ఆ కథ వినుట, ఇదంతయు సోమదేవుని కథాసరిత్సాగరములో ఉన్నది. సూరన క్రొత్తగా చేసినది ఆ ఏకాంతమునే పాత్రల పేర్లుగా మార్చుట. కథ ముందు, పేరు తరువాత కాదు. పేరు ముందు, కథ తరువాత కాదు. రెండును ఒకే నూలు.

ఆంగ్లకవి విలియం బ్లేకు 1794లో 'యురిజెన్' అను దివ్యపురుషుని గూర్చి కావ్యము వెలువరించినాడు. ఆ పేరును పలికినప్పుడు ఆంగ్లమున 'నీ తర్కబుద్ధి' అను అర్థము ధ్వనిస్తుందని విమర్శకులు చెప్తారు. మనోవ్యాపారమునకు రూపమిచ్చి పేరు పెట్టిన ఈ కల్పనను పాశ్చాత్యులు గొప్పగా చెప్పుకొనుట న్యాయమే. దానికి రెండు శతాబ్దుల పూర్వమే 'నా మనస్సు' అను రాజును తెలుగుకవి సింహాసనము మీద కూర్చుండబెట్టినాడని మనము కూడ గుర్తుంచుకొనుట న్యాయము.

సూరన తరువాత ఈ విద్య మనలో అంతరించలేదు. అది పండితుల చేతినుండి బాలుర కథలకు, చలనచిత్రములకు మారినది. మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు'లో దారి పొడవున కథలు చెప్పే యతి పేరు మణిసిద్ధుడు. మణి ప్రభావము వలన సర్వము తెలిసికొనేవాడు గనుక ఆ పేరు. ఇచ్చటను పనియే పేరు. ఆ కథల ప్రేరణతో పింగళి నాగేంద్రరావు రచన చేయగా కె.వి. రెడ్డి దర్శకత్వమున 1951లో వచ్చిన చిత్రము 'పాతాళభైరవి'. భైరవి అందరు ఎరిగిన దేవత. పాతాళము అందరు ఎరిగిన లోకము. రెండును కలిపినప్పుడు ఏ గుడిలోను లేని క్రొత్త దేవత పుట్టినది. అయినను ప్రేక్షకులలో ఒక్కడును ఈమె ఎవరని అడుగలేదు.

కారణమేమి? తెలుగు పల్లెలో దేవతకు పేరు పెట్టే పద్ధతియే అది. చెరువుకట్టను కాచే మైసమ్మ కట్టమైసమ్మ; గండి దగ్గర ఉన్నది గండిమైసమ్మ. ఎరిగిన తల్లి పేరుకు ముందు ఆమె ఉండే చోటు చేరుతుంది. యాస్కుడు చెప్పిన స్థానభేదమును పల్లెజనులు శాస్త్రము చదువకయే ఆచరించినారు. పాతాళభైరవి కూడ ఆ అచ్చులో పోసినదే. 1954లో 'తోకచుక్క'తో చందమామలో ధారావాహికలు మొదలుపెట్టిన దాసరి సుబ్రహ్మణ్యము 'మకరదేవత' అన్నప్పుడు రూపమును, జాతిని రెండు మాటలలో చెప్పినాడు. పదేండ్ల బాలునికి టీక అవసరము లేదు. ఆ పేరు చదివిన రాత్రి వాడు చెరువు వైపు పోడు.

అర్థము లేని ధ్వనులతో పేరు కల్పించుట తప్పా అని అడుగవచ్చును. టోల్కీను పేర్లు అట్టివే గదా అనవచ్చును. అది పొరపాటు. అతడు మొదట భాషలను కల్పించినాడు. ఆ భాషలకు వ్యాకరణము, శబ్దపరిణామము ఏర్పరచినాడు. ఆ భాషలు మాట్లాడే లోకము కొరకు కథలు వ్రాసినాడు. అతని దివ్యశక్తుల పేరు 'వాలార్'. అతడు కల్పించిన భాషలో దానికి 'శక్తిమంతులు' అని అర్థము. ఆయన మరణానంతరము 1977లో వెలువడిన గ్రంథములో వారి కథ ఉన్నది. అతడు అర్థమును వదలుకొనలేదు; అర్థమును మోసే భాషనే క్రొత్తగా నిర్మించుకొన్నాడు. మన యువరచయితలు ఆ భవనమును చూచి ముచ్చటపడి, పునాది లేకుండ పైకప్పును మాత్రము తెచ్చుకొంటున్నారు. సంస్కృతసమాసము, అచ్చతెనుగు, పల్లెపలుకు, ఈ మూడును చేతిలో ఉన్న తెలుగు రచయితకు ఆ అవసరము కూడ లేదు.

నేను అనువాదకుడనుగా కూడ ఈ సంగతి అనుభవించినాను. సూరతులోని గుజరాతీ మిత్రులకు సూరన కథను వారి భాషలో చెప్పినప్పుడు మదాశయుడు, రూపానుభూతి అన్న పేర్లను మార్చలేదు. కొంచెము నిలిపి పలికితే చాలు. వారి ముఖములలో అర్థము వెలిగినది. తరువాత మా యువకుని దేవత పేరు చెప్పినాను. ఒక పెద్దమనిషి మర్యాదగా, "అది ఏ దేశపు మందు?" అని అడిగినాడు.

ఇక్కడ ఒక హద్దు కూడ చెప్పవలెను. అర్థమున్న పేర్లు కావలెనని జనులు నిత్యము కొలిచే దేవతలను ఉన్నవారిని ఉన్నట్లు కథలోకి లాగుకొనవచ్చునా? భావనారుషి వేలాది కుటుంబములకు పితామహుడు. మాఘమాసమున మార్కండేయ జయంతి జరుపుకొనే వారికి అతడు కల్పిత పాత్ర కాడు. అతనిని మాంత్రికుని ముందు ఓడిపోయే ఋషిగా వ్రాసినచో అది కల్పన అనిపించుకొనదు. ఒక ఇంటి పెద్దను ఇంటివారి అనుమతి లేకుండ వీథిలో నిలబెట్టుట అవుతుంది. సూరన మార్గము ఇందుకే శ్రేష్ఠమైనది. అతడు పాత దేవతలను వారి స్థానములలో ఉంచినాడు. తన కథకు కావలసిన వారిని తాను పుట్టించుకొన్నాడు. వారి పేర్లను తన కథలోనుండియే తీసినాడు. ఎవరి గుడినుండియు తేలేదు, ఎవరి ఇంటిపేరును అపహరించలేదు.

ఈ మాటలన్నియు ఆ యువకునికి చెప్పినాను. బాబరో భూతము కథ విన్న తరువాత అతడు చాలసేపు మాట్లాడలేదు. డాంగు నుండి వచ్చిన కుర్రవాడు ఒకడు తన ప్రక్కసాంచె మీదనే పని చేస్తున్నాడని చివరకు చెప్పినాడు. రెండు నెలల తరువాత వ్రాతప్రతి మరల వచ్చినది. భూతము పేరు మారినది. అది మాంత్రికుడు మింగివేసిన ప్రతిజ్ఞలనుండి పుట్టినది గనుక దాని పేరు ఇప్పుడు 'మాటమింగుడు'. కాపాడే దేవత తెగిన దారములను ముడివేసేది. ఆమెకు అతడు 'అతుకులమ్మ' అని పేరు పెట్టినాడు. ఏ నిఘంటువులోను ఆ దేవత లేదు. మగ్గము ఎరిగినవారికి ఆమెను పరిచయము చేయనక్కరలేదు.

తాతకు మరల చదివి వినిపించినాడట. ఈసారి ఆ వృద్ధుడు ఆమె చేసే పని అడుగలేదు. ఆమెకు నైవేద్యము ఏమి పెట్టుదురని అడిగినాడు.